పిల్లవాడు చదువుతున్నాడు సరే, అర్థమవుతోందా?

(చదివాక పక్కింటికి ఇవ్వండి. చదవడం రానివాళ్లుంటే కూర్చోబెట్టి చదివి వినిపించండి.)

వేటపాలెం, చీరాల చుట్టుపక్కల నేతన్నలకు, వాడరేవు దాకా ఉన్న గంగపుత్రులకు, కూలినాలి చేసుకునే అక్కచెల్లెళ్లకు, కాలేజీలో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మూడో తరగతి దాటిన పిల్లవాడో పిల్లో ఉంటే తెలుగు పుస్తకం తెమ్మనండి. బడిలో ఇంకా చెప్పని పాఠం తీయించి, ఆరేడు పంక్తులు గట్టిగా చదవమనండి. పుస్తకం మూయించి, "అందులో ఏముందో నాకు చెప్పు" అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఎవరు ఎవరితో ఏమన్నారు, ఎందుకన్నారు అన్నది పిల్లవాడి నోటి వెంట వస్తోందో లేదో మీకు ఇట్టే తెలిసిపోతుంది.

చెప్పేసిన పాఠం మాత్రం తీయించకండి. ఆ పాఠాన్ని చాలామంది పిల్లలు చూడకుండానే అప్పజెబుతారు. వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు ఇంకో మాట పలుకుతుంది. అనుమానం వస్తే పంక్తి మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, అటూ ఇటూ కాగితంతో మూసి, ఆ ఒక్క మాటే చదవమనండి.

కొందరు పిల్లలు అక్షరం దగ్గరే ఆగిపోతారు. వాళ్లను అందరూ గుర్తుపడతారు. మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది ఇంకో రకం పిల్లలు. గడగడా చదువుతారు, ఒక్క తప్పు రాదు. పుస్తకం మూసి అడిగితే మొదటి వాక్యాన్నే మళ్లీ అప్పజెప్పి మన ముఖం వంక చూస్తారు. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, బడిలోవాళ్లు తరగతి దాటిస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి సైన్సు, సాంఘిక శాస్త్రం, ఆఖరికి లెక్కల పుస్తకంలో లెక్క కూడా ఆ పిల్లవాడికి గోడలా అడ్డం నిలుస్తుంది. లెక్క చేయడం వచ్చు. లెక్క ఏం అడుగుతోందో తెలియదు.

ఈ కరపత్రం రాస్తున్న నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. నాతో పాటు సాయంత్రం పూట పిల్లల దగ్గర కూర్చుంటున్న డిగ్రీ పిల్లలు ముగ్గురు, మగ్గం నేసే అక్క ఒకామె ఉన్నారు. మాకు జెండా లేదు, చందా పుస్తకం లేదు. మేం చూసింది చెప్పి మిమ్మల్ని పిలవడానికే ఈ కాగితం.

ఒక పిల్లవాడి సంగతి

నేను పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతి పిల్లవాడు ఉండేవాడు. ఒకరోజు బోర్డు మీద "వాన పడకపోయినా రైతు విత్తనాలు చల్లాడు" అని రాశాను. చక్కగా చదివాడు. "వాన పడిందా?" అని అడిగాను. "పడింది సార్" అన్నాడు. ఎందుకన్నావురా అంటే, "విత్తనాలు చల్లాడు కదా సార్, వాన పడకపోతే ఎందుకు చల్లుతాడు?" అన్నాడు.

ఆ పిల్లవాడికి సేద్యం తెలుసు. వాన ముందు, విత్తు తర్వాత అని తెలుసు. బుర్ర చక్కగా పనిచేస్తోంది. తెలియనిది ఒక్కటే, "పడకపోయినా" అన్న మాటలో చివరి తునక. ఆ తునకలోనే వాక్యం అర్థమంతా ఉంది. వ్యాకరణం పేరుతో నేను ఆ తరగతికి సంధుల పేర్లు, సమాసాల పేర్లు వల్లె వేయించాను. "పడితే, పడినా, పడకపోతే, పడకపోయినా" అన్న నాలుగు మాటల మధ్య తేడా ఏమిటని మాత్రం ఎన్నడూ అడగలేదు. సంధి పేరు చెప్పినందుకు మార్కులు వచ్చాయి, వాక్యం మాత్రం అర్థం కాలేదు. ఆ రోజు నుంచి నేను పాఠం చెప్పే పద్ధతి మార్చుకున్నాను. అప్పటికి నా చేతుల మీదుగా ఎన్నో తరగతులు దాటిపోయాయి.

ఇది మన ఊరి పిల్లలకే వచ్చిన కష్టం కాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. ఆ సర్వేను అసర్ అంటారు. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఇవే ఆ పరీక్ష. 2024లో ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథను చదవగలిగినవాళ్లు నూటికి 45 మందికి కాస్త తక్కువ. మూడో తరగతిలో అయితే నూటికి 23 మంది చిల్లర. ఇది చదవగలిగినవాళ్ల లెక్క. చదివి అర్థం చేసుకున్నవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థంతో చదవాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిపుణ్ భారత్ పెట్టింది, 2026-27 దాకా గడువు పెట్టుకుంది. మన రాష్ట్రంలో 2020లో "చదవడం మాకిష్టం" అని కార్యక్రమం తెచ్చారు. మంచివే. కానీ ఎనిమిదో తరగతిలో ఉన్న మన పిల్లవాడు మూడో తరగతి ఎప్పుడో దాటి వచ్చేశాడు. వాడి కోసం ఏ పథకం వెనక్కి తిరిగి చూస్తుంది? ఆ పని ఊరే చేయాలి.

పడుగు ఉండాలి, పేకా ఉండాలి

చదివి అర్థం చేసుకోవడానికి రెండు కావాలని ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న లెక్కగా చెప్పారు. ఒకటి, అక్షరాన్ని మాటగా పలకగలగడం. రెండు, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం. ఆ రెంటినీ వాళ్లు కూడలేదు, హెచ్చవేశారు. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మగ్గం మీద కూర్చునేవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. పడుగు ఎంత బాగా సాగదీసి కట్టినా, నాడె ఆడకపోతే బట్ట రాదు. కండెలు గంపెడున్నా, పడుగు లేకపోతే దేని మీద నేస్తారు?

కనుక ముందు తెలుసుకోవలసింది, మన పిల్లవాడికి కొరత ఎందులో ఉందన్నది. పాఠం మనం చదివి వినిపిస్తే అర్థమై, తను చదివితే అర్థం కాకపోతే కొరత అక్షరంలో ఉంది. మనం చదివినా అర్థం కాకపోతే మాటల్లో, వాక్యంలో ఉంది. చాలామందిలో రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. మందు వేరు కాబట్టి రోగం తెలుసుకోవాలి. ఇద్దరికీ ఒకే ట్యూషన్ పెట్టి, ఒకే పాఠం పదిసార్లు రాయిస్తే ఇద్దరికీ చేతులు నొప్పెడతాయి, అంతే.

అక్షరం సంగతి ముందు. తెలుగు లిపిలో పిల్లలు తడబడే చోట్లు మాకు ఇప్పుడు కంఠతా వచ్చాయి. ప, వ కలగలుపుతారు. మ, య దగ్గర ఆగుతారు. కొ, కో తేడా పట్టరు. అన్నిటికన్నా పెద్ద గండం ఒత్తులు. గ ఒత్తు, చ ఒత్తు వాటి అక్షరాల్లాగే చిన్నగా కనిపిస్తాయి. మ, న, త, ల, య, క ఒత్తులు అలా కాదు, వాటి అక్షరానికీ వాటికీ పోలికే దొరకదు. పిల్లవాడు వాటిని కొత్త అక్షరాల్లా నేర్చుకోవాలి. పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటే మర్నాటికి మరచిపోతాడు.

మగ్గం నేసే అక్క దీనికి మార్గం చూపింది. ఆమె చదివింది ఐదో తరగతే. "అమ్మ, నాన్న, అక్క, అత్త, తల్లి, అన్నయ్య అని రాయించండి సార్, కష్టమైన ఒత్తులన్నీ ఇంట్లోనే ఉన్నాయి" అంది. పలక మీద రాసి చూశాను. అమ్మలో మ ఒత్తు, నాన్నలో న ఒత్తు, అక్కలో క ఒత్తు, అత్తలో త ఒత్తు, తల్లిలో ల ఒత్తు, అన్నయ్యలో య ఒత్తు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు తోచని సంగతి ఆమెకు తోచింది. ఇప్పుడు మా దగ్గర ఒత్తులు చుట్టాలతోనే మొదలవుతాయి.

తర్వాత మగ్గం. కండె సున్నా నేర్పుతుంది. మగ్గంలో గకు గ ఒత్తే ఉంది. రాట్నంలో టకు న ఒత్తు ఉంది, అంటే ద్విత్వం, సంయుక్తం రెండూ ఇంట్లో కళ్లెదుట ఉన్నాయి. పడుగు, పేక, నాడె, ఆసు, చిలప, అచ్చు. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండవు. మన పిల్లవాడు మాత్రం వాటిని పుట్టినప్పటి నుంచి వింటున్నాడు. నోటికి వచ్చిన మాట కంటికి తొందరగా వస్తుంది. వాడరేవు పిల్లలకు వల, తెడ్డు, లంగరు, తెరచాప. ఎవరి ఇల్లు వాళ్లకు వాచకం.

భవనం అంటే మేడ కాదా?

మాటల సంగతి ఇంకా పెద్దది. ఆరో తరగతి పిల్ల ఒకతి సైన్సు పుస్తకం తెచ్చి, "బాష్పీభవనం ఎక్కడుంది సార్?" అని అడిగింది. భవనం అంటే మేడ అని తెలుసు. కాబట్టి ఇదీ ఏదో మేడే అనుకుంది. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు బాధేస్తుంది. తెలియని మాటను తెలిసిన మాటతో తెరవాలని చూడటం చదువులో మొదటి తెలివి. తప్పు పిల్లది కాదు, ఆ మాటను ఆమె ముందు విప్పి చూపించని మనది.

విప్పితే ఎంత? బాష్పం అంటే ఆవిరి. భవనం అంటే ఇక్కడ కావడం. ఆవిరి కావడం. గంజి పెట్టిన పడుగు ఎండలో ఆరడం ఆ పిల్ల ఎన్నోసార్లు చూసింది. పుస్తకం పెద్ద పేరుతో చెప్పింది ఆ పనినే. కిరణజన్య సంయోగక్రియ కూడా అంతే. కిరణం వల్ల పుట్టి, కలిసి జరిగే పని. ఇలా విప్పి చూపించిన మాట వెనక ఇంకో నాలుగు మాటలు వస్తాయి. బాష్పం తెలిసినవాళ్లకు బాష్పోత్సేకం ఎదురైనా భయం తగ్గుతుంది.

మా దగ్గర పిల్లలకు ఇష్టమైన ఆట ఒకటి ఉంది. ఒక మాట పలక మధ్యలో రాసి, దాని కుటుంబాన్ని చుట్టూ రాయడం. మొన్న "చేయి" రాశాం. ఒకరు చేనేత అన్నారు. ఒకరు చేదోడు, ఒకరు చేయూత. ఒక పిల్లవాడు చేబదులు అన్నాడు. వాళ్ల ఇంట్లో ఆ మాట తరచూ వినపడుతుందట. చేజారడం, చేజిక్కడం, చేవ్రాలు. చేవ్రాలు ఎవరికీ తెలియదు. "చేతి రాత, అంటే సంతకం" అని చెప్పగానే ఒక పిల్ల, బ్యాంకు కాగితం మీద తన తల్లి వేలిముద్ర వేసిన చోట ఆ మాట ఉందని గుర్తు చేసుకుంది. పరీక్ష కోసం పది మాటలకు అర్థాలు రాసి అప్పజెప్పిన పిల్లవాడికీ, ఒక మాట కుటుంబం మొత్తాన్ని పట్టుకున్న పిల్లవాడికీ మధ్య తేడా నెల తిరిగేలోపు మనకే కనిపిస్తుంది.

ఒక మాట ఒక్కసారి చెబితే నిలవదు. మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ రావాలి, వేరే వాక్యంలో రావాలి, పిల్లవాడి నోటి నుంచి రావాలి. "చేయూత అంటే సాయం" అని రాయించడం కాదు, "మీకు ఎవరు చేయూతనిచ్చారు, ఎప్పుడు?" అని అడగాలి. అప్పుడు ఆ మాట వాడిదవుతుంది.

వ్యాకరణం వాక్యంలో ఉంది

తెలుగులో మాటకు మాట అతుక్కుని ఒక్కటే పొడుగు మాటవుతుంది. "వెళ్లలేకపోయినందువల్ల" అన్నది చూడండి. చదవడంలో వెనకబడ్డ పిల్లవాడు దాని మొదలు చూసి తోక ఊహిస్తాడు. ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. దాన్ని విడగొట్టించండి. వెళ్ల, లేక, పోయిన, అందువల్ల. ఒక్కో తునక ఏం చేస్తోందో అడగండి. "వెళ్ల" పని చెబుతోంది, "లేక" చేతకాలేదంటోంది, "అందువల్ల" కారణం చూపిస్తోంది. నాలుగు రోజులు ఇలా విడగొట్టిన పిల్లవాడు ఐదో రోజు తనే విడగొట్టుకుంటాడు. అచ్చు అతికే చెయ్యి ఒక్కో పోగును విడిగా పట్టుకున్నట్టే ఉంటుంది ఈ పని.

ఇంకొకటి. "తిని వెళ్లాడు, తింటూ వెళ్లాడు, తింటే వెళ్తాడు, తిన్నా వెళ్లలేదు, తినకుండా వెళ్లాడు." ఈ అయిదింటినీ పిల్లల చేత నటింపజేయండి. ఒకడు తింటూ నడవాలి, ఒకడు తిని, చెయ్యి కడుక్కుని నడవాలి. పదేళ్ల పిల్లలు దీన్ని మరచిపోరు. వీటిలో మొదటి నాలుగింటికి వరసగా క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు ఉన్నాయి. పేరు తర్వాత చెప్పవచ్చు. అర్థం పట్టుబడ్డాక పేరు పది నిమిషాల్లో వస్తుంది. అర్థం లేని పేరు పదేళ్లు వల్లించినా వాక్యం దగ్గర అక్కరకు రాదు.

పిల్లల ఇంటి మాటను మాత్రం తప్పు అనకండి. ఇది మా గట్టి మాట. ఎరుకల భాష మాట్లాడే ఇల్లు ఉంది, ఉర్దూ మాట్లాడే ఇల్లు ఉంది, ఒక్కో వీధి తెలుగు ఒక్కో తీరుగా ఉంది. "అలా అనకూడదు" అని రెండుసార్లు అంటే ఆ పిల్ల మూడోసారి నోరు విప్పదు. నోరు విప్పని పిల్లకు ఏది అర్థమైందో, ఏది కాలేదో మనకెలా తెలుస్తుంది? "మీ ఇంట్లో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా రాస్తారు" అని పక్కపక్కన రాసి చూపించండి. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ప్రజల వాడుక భాష పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. అంతకు ముందే సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన సవరలకిచ్చిన గౌరవం మన ఎరుకల పిల్లకు కూడా దక్కాలి.

ఇంగ్లిష్ మీడియం మంచిదా, తెలుగు మీడియం మంచిదా అన్న వాదంలోకి ఈ కాగితం వెళ్లదు. ఎవరి పిల్లల సంగతి వాళ్లకు తెలుసు. ఒక్కటి మాత్రం చూశాం. నోటికి వచ్చిన భాషలో ఒక పేరా చదివి, అందులో సంగతి వెతికి పట్టుకోవడం నేర్చిన పిల్లవాడు ఇంగ్లిష్ పేరాలో కూడా సంగతి కోసం వెతుకుతాడు. వెతకడం నేర్వని పిల్లవాడు ఏ భాషలోనైనా మొదటి వాక్యాన్నే తిరిగి అప్పజెబుతాడు.

కథ మధ్యలో ఆగండి

అర్థం చేసుకోవడం కూడా చేయిపట్టి నేర్పాలి. కథ చదువుతూ మధ్యలో ఆగి, "ఇప్పుడేం జరుగుతుంది?" అని అడగండి. ఏం చెప్పినా "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి. జవాబు పుస్తకంలో ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించమనండి. కొన్నిటికి వేలు పెట్టే చోటు ఉండదు. "ముసలమ్మ తలుపు తీసి, మళ్లీ మూసింది" అంటే ఆమె ఎవరి కోసమో చూసిందని ఏ వాక్యంలోనూ రాసి ఉండదు. అది పిల్లవాడే కలుపుకోవాలి. అలాంటి ప్రశ్న అడిగాక కాసేపు ఆగాలి. మనం తొందరపడి జవాబు చెప్పేస్తే ఆ పిల్లవాడు ఇక మన నోరు చూస్తాడు తప్ప పుస్తకం చూడడు.

వారానికొక రోజు ప్రశ్నలు పిల్లల చేతే వేయిస్తున్నాం. పాఠం చదివి ఒకరినొకరు అడగాలి. మంచి ప్రశ్న వేసినవాళ్లకు పాఠం పట్టుబడినట్టే. రాత్రి ఇంటికి వెళ్లి ఆ కథ అమ్మకు చెప్పాలి. మగ్గం దగ్గర పని చేసుకుంటూ "ఊఁ" కొట్టే అమ్మ ఆ పిల్లకు పెద్ద పరీక్షాధికారి. చదువురాని తల్లి బిడ్డకు చేయగలిగిన ఈ మేలు ఇంకెవరూ చేయలేరు.

పెద్ద పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. ఎనిమిదో తరగతి అబ్బాయిని మూడో తరగతి వాళ్ల వరసలో కూర్చోబెట్టి కోడిపిల్ల బొమ్మల పుస్తకం చేతికిస్తే, వాడు రేపటి నుంచి రాడు. స్థాయి చూసి గుంపులు కట్టాలి, నిజమే. తరగతిని బట్టి కాక పిల్లలకు వచ్చిన స్థాయిని బట్టి గుంపులు చేసి చెబితే ఫలితం ఉంటుందని ప్రథమ్ వాళ్లు, 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం కలిసి చాలాచోట్ల చేసి చూపించారు. కానీ గుంపుకు పేరు పెట్టడంలో, పుస్తకం ఎంచుకోవడంలో ఆ వయసుకు మర్యాద ఇవ్వాలి. మాటలు తేలికవి కావాలి, సంగతి మాత్రం వాడి వయసుది కావాలి. క్రికెట్ వార్త, సినిమా పోస్టరు, తుఫాను హెచ్చరిక, నూలు ధర గురించి పేపర్లో వచ్చిన నాలుగు పంక్తులు. బజార్లో అంగళ్ల బోర్డులు కూడా వాచకాలే.

ఎంత చెప్పినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలు కొందరుంటారు. మొద్దని ముద్ర వేయకండి. ముందు కళ్లు చూపించండి, చెవులు చూపించండి. అవి బాగుంటే డిస్‌లెక్సియా కావచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల టీచర్లను అడగండి. మేం వెంట వస్తాం.

మన నేల మీద ఇది కొత్త కాదు

1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1929లో గాంధీజీ వచ్చి వెళ్లిన గ్రంథాలయం అది. ఎక్కడెక్కడి పరిశోధకులో మన ఊరికి వచ్చి ఆ పాత పత్రికలు తిరగేసి వెళ్తారు. దాని గేటు ముందు నుంచే రోజూ బడికి వెళ్లే మన పిల్లలు మాత్రం ఒక పేరా చదివి సంగతి చెప్పలేకపోతున్నారు. ఇది చూస్తూ ఊరుకోగలమా? 1921లో మున్సిపాలిటీ వద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు పిలిస్తే చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి రామ్‌నగర్ పాకల్లో పదకొండు నెలలు గడిపారు. మేం అడుగుతున్నది అంత పెద్ద త్యాగం కాదు, రోజుకొక గంట.

పక్కన నెల్లూరును తలచుకోండి. 1991 ప్రాంతంలో అక్కడ రాత్రి బడులు నడిచాయి. వాచకంలో సారా వల్ల చితికిపోయే సంసారం గురించి ఒక పాఠం ఉంది. అక్కడి దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు. ఇది మన ఇంటి సంగతే కదా అని మాట్లాడుకున్నారు, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ నిప్పు ఊరూరా అంటుకుని, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదివిన ఆడవాళ్లు ఆ పాఠాన్ని అర్థం చేసుకున్నారు. మన పిల్లలకు మేం కోరుకుంటున్నది ఆ చదువే.

ఇక రండి

తల్లిదండ్రులారా, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పిల్లల చేత కండెలు చుట్టించకండి, చిన్నవాళ్లను ఆడించే పని ఆడపిల్లకు అప్పగించకండి. ఆ గంట కూలి మీకు ఎంత అవసరమో మాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాం. బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈసారి కమిటీ కూర్చున్నప్పుడు గోడలకు రంగులు, మరుగుదొడ్ల తలుపుల సంగతి మాట్లాడాక, "మా పిల్లల్లో ఎంతమంది చదివి అర్థం చెప్పగలుగుతున్నారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకు జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.

ఇంటర్, డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు పాఠం చెప్పిన అనుభవం అక్కర్లేదు. ఒక్కొక్కరు నలుగురు పిల్లల దగ్గర కూర్చోండి. మొదటి వారం మేం పక్కన ఉంటాం. కోప్పడకుండా ఒకే మాట ఇరవైసార్లు వినగలిగితే చాలు.

మాస్టార్లూ, టీచరమ్మలూ, మేం మీకు పోటీ కాదు. మీ తరగతిలో నలభై మంది ఉంటారు, మీ మీద ఎన్ని పనులు పడుతున్నాయో చూస్తున్నాం. ఏ పిల్లకు ఎక్కడ కొరత ఉందో మీకు తెలిసినంత మాకు తెలియదు. ఆ పేర్లు మాకు చెప్పండి. బడి లైబ్రరీ బీరువాలో తాళం వేసి ఉన్న కథల పుస్తకాలు పిల్లల చేతికి ఇవ్వండి. చిరిగితే అతికించి ఇచ్చే పూచీ మాది.

ఇళ్లలో అటకల మీద పాత చందమామలు, బాలల కథల పుస్తకాలు ఉంటే ఇవ్వండి. మంచి పుస్తకం వాళ్ల బొమ్మల పుస్తకాలు కొన్ని కొన్నాం, ఇంకా కావాలి. ఫోనులో స్టోరీవీవర్ అని వెతికితే తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. సెల్ షాపు అన్నలు ఎవరైనా వాటిని ప్రింటు తీసి ఇస్తే వందల చేతులు తిరుగుతాయి. అరుగు ఉన్నవాళ్లు అరుగు ఇవ్వండి, మగ్గాల షెడ్డు ఉన్నవాళ్లు సాయంత్రం ఒక మూల ఇవ్వండి.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు రామాలయం అరుగు దగ్గర కలుస్తున్నాం. పిల్లలను వెంటబెట్టుకుని రండి. ఒక్కో పిల్లతో అయిదు నిమిషాలు కూర్చుని, చదివించి, అడిగి, ఏ గుంపులో మొదలుపెట్టాలో చూస్తాం. ఆ సంగతి తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ చెప్పం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఆరున్నరకు చదువు. ఫీజు లేదు. పలక, సుద్దముక్క తెచ్చుకోండి, లేకపోతే ఇక్కడే ఇస్తాం. చాపలు మాత్రం తక్కువ పడతాయి, ఇంటికొకటి తెండి.

మీ వీధిలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతున్నవాళ్లం